ఇరవై మూడు నిమిషాలు: రియాద్ రన్‌వే మీద మనం మరిచిపోయిన హాదసా



పోయిన నెల అమ్మీ, ఖాలా ఉమ్రా సఫర్‌కు తయారవుతున్నారు. నడి ఇంట్లో సూట్‌కేసులు తెరిచి పెట్టుకుని కూర్చున్నారు. ఎహ్రామ్, తస్బీహ్, దువా కితాబ్, నిమ్మకాయ ఊరగాయ, రొట్టెల పొడి... అన్నిటి అడుగున, టవల్‌లో చుట్టిన చిన్న గ్యాస్ స్టవ్. దాని పక్కనే ఓ గ్యాస్ డబ్బా. "మక్కాలో చాయ్ బయట కొంటే మంట ఖరీదు బేటా, రూమ్‌లో పెట్టుకుంటాం" అన్నారు ఖాలా. నేను ఆ డబ్బా తీసి పక్కన పెట్టాను. ఖాలాకు కోపం వచ్చింది. "అల్లా కే ఘర్ జారే, క్యా హోతా?" అన్నారు. అల్లాహ్ ఇంటికి పోతున్నాం, ఏమవుతుంది అని.

ఏమవుతుందో నాకు మా మామూజాన్ చెప్పారు. ఆయన 1982లో మేస్త్రీ పనికి రియాద్ పోయారు. లేబర్ క్యాంపులో పక్క మంచం మీద కరాచీ మనిషి ఉండేవాడట. రాత్రిళ్ళు ఆయన ఒకే హాదసా గురించి మళ్ళీ మళ్ళీ చెప్పేవాడట. అది విన్నప్పటి నుంచీ మామూజాన్‌కు ఓ వింత అలవాటు. విమానం ఎక్కగానే తన సీటు నుంచి తలుపు దాకా ఎన్ని వరసలున్నాయో చేత్తో తడుముతూ లెక్కపెట్టేవారు. మేం నవ్వేవాళ్ళం. సోషల్ టీచర్ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక తీరిగ్గా కూర్చుని ఆ తారీఖ్ చదివాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఆ రోజు ఖాలాకు చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ స్టవ్ సంగతి. ఇది మన ఖాలాలకు కొత్తగా వచ్చిన బుద్ధి కాదు. హజ్ అంటే ఒకప్పుడు ఓడ. బంబయి నుంచి జెడ్డాకు రోజుల తరబడి సముద్రం మీద సఫర్. మా దాదా ఓడలో పోయినప్పుడు బియ్యం, పప్పు, ఎండు చింతపండు, కిరసనాయిలు స్టవ్ అన్నీ ఒక ఇనప పెట్టెలో సర్దుకుని పోయారని దాదీ చెప్పేవారు. బంబయి-జెడ్డా హజ్ ఓడలు 1995లో ఆగిపోయాయి. ఓడ పోయింది కానీ ఓడ అలవాటు మాత్రం విమానం ఎక్కి కూర్చుంది.

ఆ అలవాటు మీద మొదటి షక్ 1979లో వచ్చింది. నవంబర్ 26న జెడ్డా నుంచి కరాచీకి హాజీలతో బయలుదేరిన పీఐఏ బోయింగ్ 707లో కాసేపటికే వెనక వైపు మంటలు లేచాయి. పైలట్లు వెనక్కి తిప్పారు కానీ జెడ్డా చేరలేదు. తాయిఫ్ దగ్గర విమానం కూలిపోయింది. అందులో ఉన్న 156 మందిలో ఒక్కరూ మిగల్లేదు. మంట ఎలా మొదలైందో పక్కాగా తేలలేదు. అయితే హాజీలు సామానులో తెచ్చుకున్న కిరసనాయిలు స్టవ్‌లలో ఒకటి కారిందేమోనన్న అనుమానం మాత్రం అందరి నోటా వచ్చింది.

తొమ్మిది నెలలు కూడా తిరగలేదు. 1980 ఆగస్టు 19. రంజాన్ ఈద్ అయిపోయి దాదాపు వారం. సౌదియా ఫ్లైట్ 163, లాక్‌హీడ్ ట్రైస్టార్ అనే పెద్ద విమానం, కరాచీలో బయలుదేరి రియాద్‌లో ఆగింది. అక్కడి నుంచి జెడ్డా పోవాలి. లోపల 287 మంది ముసాఫిర్లు, 14 మంది సిబ్బంది. సౌదీలు, పాకిస్తానీలు ఎక్కువ. పిల్లాపాపలతో కదిలిన ఖాందాన్‌లు, జియారత్‌కు పోయేవాళ్ళు.

రాత్రి 9 గంటల 8 నిమిషాలకు రియాద్‌లో గాలిలోకి లేచింది. ఏడు నిమిషాలకు కాక్‌పిట్‌లో అలారం మోగింది. వెనక సామాను గదిలో పొగ ఉందని. ఆ అలారం నిజమా, ఉత్తదా అని చూసుకోవడానికే నాలుగు నిమిషాలు పైన పట్టింది. ఫ్లైట్ ఇంజనీర్ వెనక్కి వెళ్ళి చూసి వచ్చి, నిజంగానే పొగ ఉందన్నాడు. 9:20కి కెప్టెన్ వెనక్కి తిప్పాలని ఫైసలా చేశాడు. అప్పటికి వెనక సీట్లలోకి పొగ వచ్చేసింది. ముసాఫిర్లు లేచి ముందుకు తోసుకుంటున్నారు. ఎయిర్ హోస్టెస్‌లు చేతి సిలిండర్లతో మంటతో పోరాడుతున్నారు. దిగగానే అందరినీ దించెయ్యాలా అని కాక్‌పిట్‌ను మళ్ళీ మళ్ళీ అడిగారు. వద్దన్నాడు కెప్టెన్.

9:36కి విమానం రియాద్‌లో క్షేమంగా దిగింది. ఈ మాట ఇంకోసారి చదవండి. క్షేమంగా దిగింది. 301 మంది దాదాపు అందరూ అప్పటికి ప్రాణాలతోనే ఉన్నారు. కూలలేదు, విరగలేదు. కింద నేల ఉంది, బయట ఫైర్ బండ్లు ఉన్నాయి. నజాత్ తలుపు అవతలే ఉంది.

దిగిన చోటనే బ్రేకులు తొక్కి ఆపాల్సిన విమానం, మామూలు రోజు లాగే రన్‌వే చివరి దాకా పోయింది. మలుపు తిరిగి ట్యాక్సీవే మీదకు వచ్చి ఆగింది. నేల తాకాక ఆగడానికి 2 నిమిషాల 40 సెకన్లు. ఆగాక కూడా రెండు పక్కల ఇంజన్లు మూడు నిమిషాలకు పైగా తిరుగుతూనే ఉన్నాయి. ఇంజన్ తిరుగుతుంటే దగ్గరికి పోవడం ఎవరి వల్లా కాదు. ముందు వైపు మనిషిని లోపలికి లాగేస్తుంది, వెనక వైపు విసిరేస్తుంది. ఫైర్ సిబ్బంది దూరంగా నిలబడిపోయారు. ఇప్పుడు దించుతున్నాం అని కాక్‌పిట్ నుంచి ఒక్క మాట వచ్చింది. ఆ తర్వాత ఏ మాటా రాలేదు. 9:42కి ఇంజన్లు ఆగాయి.

లోపలి నుంచి ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

బయటి వాళ్ళు ఒక తలుపు తియ్యగలిగేసరికి రాత్రి 10:05 అయింది. ఇంజన్లు ఆగిన 23 నిమిషాలకు. ఇంకో మూడు నిమిషాలకు లోపలంతా ఒక్కసారిగా అంటుకుంది. 301 మందీ ఇంతఖాల్ చేశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. జనాజాలు చాలా వరకు విమానం ముందు సగంలోనే దొరికాయి. వెనక నుంచి మంట తరుముతుంటే అందరూ ముందుకు వచ్చి ఆగిపోయారన్న మాట. ప్రాణం తీసింది మంట కాదు, పొగ. ఆ ఊపిరాడని గదిలో ఎన్ని కలిమాలు చదివి ఉంటారో అల్లాహ్‌కే తెలుసు.

తహఖీఖాత్ జరిగింది. శిథిలాల్లో రెండు బ్యూటేన్ స్టవ్‌లు దొరికాయి. కానీ మంట వాటి నుంచే పుట్టిందనడానికి సబూత్ దొరకలేదు. మంట వెనక సామాను గదిలో మొదలైందని మాత్రం తేల్చారు, దేని వల్ల అన్నది తేలలేదు. కాబట్టి ఖాలా స్టవ్ మీదే మొత్తం ఇల్జాం వెయ్యడం ఇన్సాఫ్ కాదు. నా కళ్ళు ఆగిపోయింది రిపోర్టులో ఆ తర్వాతి మాటల దగ్గర. ఇంతమంది చనిపోవడానికి కారణాలు అని విడిగా రాశారు. దిగగానే ముసాఫిర్లను దించడానికి కెప్టెన్ సిబ్బందిని తయారు చెయ్యలేదు. రన్‌వే మీదే వెంటనే ఆపి దించలేదు. తన పక్కనున్న వాళ్ళను సరిగా వాడుకోలేదు. ఇవి విమానం లోపలి గల్తీలు. నాలుగోది విమానాశ్రయానిది: ఫైర్, రెస్క్యూ విభాగం పైఅధికారులు తమ సిబ్బందికి తగిన సామాను, తగిన తర్ఫీదు ఉండేట్టు చూడలేదు.

బండ్లు ఉన్నాయి, మనుషులు ఉన్నారు. ఖైదుగా ఉన్న 301 మందిని బయటికి తియ్యాలంటే ఏం చెయ్యాలో సాధన మాత్రం లేదు. రోజూ దిగే విమానం తలుపు బయటి నుంచి ఎలా తియ్యాలి, పొగ నిండిన లోపలికి ఏం తొడుక్కుని పోవాలి, ఎవరు హుకుం ఇవ్వాలి, ఇవన్నీ ఆ రాత్రి నేర్చుకునే పనులు కావు. ఎన్నో మామూలు రాత్రుల్లో, ఏ మంటా లేనప్పుడు, చేతులకు అలవాటు చెయ్యాల్సిన పనులు.

ఐదేళ్ళకు ఇంగ్లండ్‌లోనూ అలాంటిదే జరిగింది. 1985 ఆగస్టు 22న మాంచెస్టర్‌లో ఒక బోయింగ్ 737 ఇంకా గాలిలోకి లేవకముందే ఇంజన్‌కు మంట అంటుకుంది. రన్‌వే నుంచి పక్కకు తిరిగి ట్యాక్సీవే మీద ఆగింది. అయినా 55 మంది చనిపోయారు. అక్కడా పొగే ఎక్కువ మందిని చంపింది. ఆ తర్వాతే నేల మీద దారి చూపే లైట్లు, త్వరగా అంటుకోని సీటు గుడ్డలు, తలుపుల దగ్గర ఎక్కువ జాగా లాంటి వాటి మీద గట్టి ఖవాయిద్ వచ్చాయి. ఇప్పుడు మన కాళ్ళ దగ్గర వరసగా కనిపించే ఆ చిన్న దీపాలు అలా వచ్చినవే.

మూడో హాదసా మళ్ళీ హాజీలదే. 1991 జులై 11, జెడ్డా. హజ్ ముగించుకుని నైజీరియాలోని సొకొటోకు పోతున్న 247 మంది హాజీలు. నైజీరియా ఎయిర్‌వేస్ కోసం ఒక కెనడా కంపెనీ నడుపుతున్న డీసీ-8 విమానం. టైర్లలో గాలి తక్కువగా ఉందని మెకానిక్‌లకు ముందే తెలుసు. నింపడానికి నైట్రోజన్ చేతికి అందుబాటులో లేదు. ఆగితే టైమ్ తప్పుతుందని పైవాళ్ళు వద్దన్నారు. పరుగు తీస్తుండగానే టైరు పేలింది. చక్రం తిరగడం ఆగి, నేలకు రాసుకుని అంటుకుంది. కాక్‌పిట్‌లో అది తెలియక, నిప్పంటుకున్న చక్రాన్ని అలాగే విమానం కడుపులోకి మడిచేశారు. గాలిలో ఒక్కొక్కటే పాడవుతూ వచ్చింది. అదే సమయంలో ఇంకో సౌదియా విమానం కూడా తనకు ఇబ్బందిగా ఉందని చెప్పడంతో, కంట్రోలర్ ఎవరు ఎవరో తెలియక కొన్ని నిమిషాలు తికమక పడ్డాడు. రన్‌వే ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా కూలిపోయింది. సిబ్బందితో కలిపి 261 మంది.

రియాద్‌లో తప్పు హాదసా జరిగాక జరిగింది. జెడ్డాలో హాదసాకు ముందే జరిగింది. ముప్పును ముందే పట్టుకోవడం ఒక పని, ముప్పు వచ్చాక తయారుగా ఉండడం ఇంకో పని. విమానాశ్రయానికి ఈ రెండూ రెండు కాళ్ళు. ఒక్కటి కుంటినా మనం పడిపోతాం.

ఇప్పుడు ఖవాయిద్ ఏమంటున్నాయి? ప్రపంచమంతటికీ వర్తించే ఐసీఏఓ అనెక్స్ 14 ప్రకారం, పిలుపు వచ్చాక రన్‌వేలో ఏ మూలకైనా మొదటి ఫైర్ బండి మూడు నిమిషాలు దాటకుండా చేరాలి, రెండు నిమిషాల్లో చేరగలిగితే మరీ మంచిది. ఎంత పెద్ద విమానం దిగుతుందో దాన్ని బట్టి 1 నుంచి 10 దాకా తరగతులు, తరగతిని బట్టి ఎన్ని బండ్లు, ఎంత నీళ్ళు, ఎంత నురగ అన్న లెక్క. రెండేళ్ళకు ఒకసారైనా నిజం హాదసా జరిగినట్టే పూర్తి మాక్ డ్రిల్ చెయ్యాలి. ఎయిర్‌పోర్ట్ వాళ్ళే కాదు, చుట్టుపక్కల దవాఖానాలు, పోలీసులు, అంబులెన్సులు అందరూ అందులో పాల్గొనాలి. రన్‌వే చివర అదనపు ఖాళీ నేల ఉండాలి. రన్‌వే మీద ఒక్క ఇనప ముక్క పడి ఉన్నా రోజూ వెతికి తియ్యాలి. 2000 జులై 25న పారిస్‌లో కాంకార్డ్‌ను కూల్చి 113 మంది ప్రాణం తీసిన కథ, వేరే విమానం నుంచి రాలిపడిన చిన్న లోహపు పట్టీతోనే మొదలైంది.

ఇక్కడ మన వంతు కూడా ఉంది. ఇది కొందరికి నచ్చకపోవచ్చు, అయినా రాస్తాను. విమానాశ్రయానికి గద్దలు పెద్ద ముప్పు. ఇంజన్‌లోకి ఒక గద్ద పోయినా చాలు. అందుకే ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్ 1937లో 91వ రూల్, విమానాశ్రయం చుట్టూ పది కిలోమీటర్ల లోపల పక్షులు ముసిరేలా జంతువులను కొయ్యడం, చెత్త పారెయ్యడం చెయ్యకూడదంటుంది. బఖ్రీద్ నాడు ఖుర్బానీ ఇచ్చాక పేగులు, తోలు, ఎముకలు నాలాలోనో ఖాళీ ప్లాట్‌లోనో పారేసే ఇళ్ళు మన మొహల్లాల్లో లేవా? సద్ఖా పేరుతో గద్దలకు మాంసం ముక్కలు విసిరేవాళ్ళు లేరా? శంషాబాద్ రన్‌వే 2008 మార్చిలో మొదలైనప్పుడు చుట్టూ ఊళ్ళూ పొలాలే. ఇప్పుడు బస్తీలు దాని వైపు పాకుతూ పోతున్నాయి. మనం పారేసిన ముక్క కోసం దిగిన గద్ద, మన హాజీలనే మోసుకెళ్ళే విమానానికి అడ్డం పడితే ఆ జవాబు ఎవరు చెప్పాలి? ఖుర్బానీ మన ఇబాదత్. దాని తర్వాతి సఫాయీ కూడా అందులో హిస్సానే.

తారీఖ్ అంతా మాతమే కాదు. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వచ్చిన ఎమిరేట్స్ 521 విమానం దుబాయ్ రన్‌వేకు కడుపు తగిలి జారుకుంటూ పోయి ఆగింది. మంటలు. లోపల 300 మంది. ఎక్కువ మంది కేరళ నుంచి గల్ఫ్‌కు పోయే మన లాంటి వాళ్ళే. కొన్ని తలుపుల జారుడు బల్లలు గాలికి పనికి రాలేదు. కొందరు మంటల మధ్య కూడా పైనుంచి బ్యాగులు దింపుతున్నారు. అయినా 300 మందికి 300 మంది ప్రాణాలతో బయటపడ్డారు. విమానం ఆగిన తొమ్మిది నిమిషాలకు ఇంధన ట్యాంకు పేలింది. ఆ పేలుడులో మంటతో పోరాడుతున్న జాసిం ఈసా అల్ బలూషీ అనే యువ ఫైర్‌ఫైటర్ షహీద్ అయ్యాడు. అల్లాహ్ ఆయనకు జన్నతుల్ ఫిర్దౌస్ అతా చెయ్యాలి.

రియాద్‌లో 23 నిమిషాలు, దుబాయ్‌లో 9 నిమిషాలు. ఆ రెంటి మధ్య ముప్పై ఆరేళ్ళు. ఆ ముప్పై ఆరేళ్ళలో 301 మంది జనాజాల మీద నేర్చుకున్న సబఖ్‌లున్నాయి. అలారం మోగితే వెంటనే నమ్మడం, ఆగిన చోటే దించెయ్యడం, కెప్టెన్‌కు కింది వాళ్ళు ధైర్యంగా చెప్పగలగడం.

2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో కూడా చూశాం. వానలో దుబాయ్ నుంచి వచ్చిన విమానం కొండ మీది రన్‌వే దాటి కింద పడి ముక్కలైంది. 190 మందిలో 21 మంది పోయారు. కరోనా భయంతో మనిషి మనిషిని తాకని రోజులవి. కొండోట్టి జనం ఆ వానలోనే పరుగున వచ్చి, ముక్కల్లోంచి పిల్లల్ని ఎత్తుకుని, తమ కార్లలో, ఆటోల్లో దవాఖానాలకు చేర్చారు. విమానాశ్రయం పక్క బస్తీ కూడా రెస్క్యూలో హిస్సా అని ఆ రాత్రి తెలిసింది. అయితే అదే చూపు పక్కన పదేళ్ళ ముందు మంగళూరు కూడా పెట్టుకోవాలి. 2010 మే 22న అలాగే కొండ మీది రన్‌వే దాటి పడిన విమానంలో 158 మంది పోయారు, ఎనిమిది మందే మిగిలారు. ఒక సబఖ్‌ను రెండుసార్లు చదవాల్సి రావడం కన్నా పెద్ద గఫ్లత్ ఏముంటుంది?

మనలో చాలామంది ఇలాంటివి విన్నప్పుడు "తఖ్దీర్" అని ఒక్క మాటతో పక్కన పెట్టేస్తారు. తఖ్దీర్ మీద నాకూ ఈమాన్ ఉంది. కానీ టైరులో గాలి తక్కువని తెలిసీ పంపిన వాడి పనికి తఖ్దీర్ అని పేరు పెట్టకూడదు. తర్ఫీదు ఇవ్వకుండా మనుషుల్ని ఫైర్ బండి ఎక్కించిన వాడి పనికీ పెట్టకూడదు. ముందు ఒంటె కాలు కట్టి, ఆ తర్వాత తవక్కుల్ చెయ్యమన్న మాట చిన్నప్పుడు మదర్సాలో నేర్చుకున్నదే కదా. ముసాఫిర్ల ప్రాణం అమానత్. అమానత్ పోగొట్టి తఖ్దీర్ అనడం జిమ్మేదారీ నుంచి పారిపోవడం.

ఖాలాకు ఇదంతా చెప్పేసరికి చాయ్ చల్లారిపోయింది. ఆమె ఏమీ మాట్లాడలేదు. స్టవ్ తీసి అల్మారాలో పెట్టేశారు. పవర్ బ్యాంక్ కూడా పెద్ద సూట్‌కేసులో ఉంటే తీయించి చేతి సంచిలో పెట్టించాను. ఎందుకని అడిగారు. కింద సామాను గదిలో అది అంటుకుంటే చూసేవాడుండడు, పైన మన కళ్ళ ముందు అంటుకుంటే వెంటనే ఆర్పుతారు అన్నాను. రియాద్‌లో ఆ మంట కూడా సామాను గదిలోనే మొదలైందని ఆమె వెంటనే అందుకున్నారు.

మీ ఇళ్ళ నుంచి ఈ ఏడాది హజ్‌కో ఉమ్రాకో, లేదా దుబాయ్, దమ్మామ్, కువైట్ పనులకో పోయేవాళ్ళుంటే వాళ్ళకు ఈ నాలుగు మాటలు చెప్పండి. స్టవ్, గ్యాస్ డబ్బా, కిరసనాయిలు ఏ సంచిలోనూ వద్దు. ఎయిర్ హోస్టెస్ తలుపులు చూపిస్తున్నప్పుడు ఫోన్ పక్కన పెట్టి వినమనండి. దిగమంటే చేతిలో ఏమీ లేకుండా దిగమనండి, పాస్‌పోర్ట్ మళ్ళీ దొరుకుతుంది. పొగ ఉంటే వంగి నడవాలి. తెలుగు, ఉర్దూ తప్ప వేరే జబాన్ రాని పెద్దవాళ్ళకు ఇవన్నీ ఇంట్లోనే, మన మాటల్లో, ఒకసారి చేసి చూపించండి. హజ్ తర్బియతీ క్యాంపుల్లో తవాఫ్, సయీ ఎలా చెయ్యాలో ఎంతో ఓపికగా నేర్పుతారు. వాటి పక్కన ఒక పది నిమిషాలు దీనికీ ఇవ్వమని మీ ఊరి కమిటీ వాళ్ళను అడగండి.

జెడ్డాలో దిగాక ఖాలా ఫోన్ చేశారు. సలాం అయ్యాక మొదటి మాట అదే: "గిన్ లీ బేటా, నౌ లైనాఁ థే." లెక్కపెట్టాను బేటా, తొమ్మిది వరసలున్నాయి అని. మామూజాన్ ఉండి ఉంటే ఎంత ఖుష్ అయ్యేవారో.

రియాద్, జెడ్డా, తాయిఫ్ నేలల మీద ఆ సఫర్‌లలో పోయిన వాళ్ళందరికీ అల్లాహ్ మగ్ఫిరత్ చెయ్యాలి. మీ దువాల్లో వాళ్ళను, వీలైతే నన్నూ యాద్ ఉంచుకోండి. ఖుదా హాఫిజ్.